నిశానీ నుంచి బయోమెట్రిక్ దాకా: అడివి అంచున ఆన్‌లైన్ సర్కారు

మా అమ్మకు సంతకం రాదు, నిశానీ వేస్తుంది. నేను డిగ్రీలో చేరేటప్పుడు హాస్టల్ కాయితాల మీద ఆమె బొటనవేలికి సిరా రాసుకొని వొత్తుతుంటే, ఎదురుగా కూర్చున్న గుమాస్తా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ వేలిని కొంగుకు తుడుచుకుంటూ ఆమె పడ్డ నామోషీ నాకిప్పటికీ గుర్తుంది. వేలిముద్ర అంటే చదువు లేనోళ్ళ గుర్తు. 'వేలిముద్రగాళ్ళు' అన్న మాట పడని ఇల్లు మన వాడల్లో లేదు.

కాలం తిరగబడింది. ఇప్పుడు చదువుకున్నోడూ చదువు లేనోడూ వేలు పెట్టాల్సిందే. మరి మా అమ్మ వేలు? దాన్ని మిషన్ తీసుకోదు. ఖమ్మం అంటే మిర్చి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి కాయ కోసిన చేతులు మంటెక్కి, తోలు వూడి, గీతలు అరిగిపోతాయి. ఎండలు ముదిరితే తునికాకు కోత. ఆ రోజుల్లో రేషన్ షాపుకు పోతే మిషన్ ఒప్పుకోదు. ఒక నెలలో మూడుసార్లు తిరిగి వుత్త సంచితో ఇంటికొచ్చింది. "చదువు రాకపోయినా ఏలుంది గదా అనుకున్న బిడ్డా. ఇప్పుడు ఏలు గూడ చదువుకోవాల్నా?" అంది. నాలుగోసారి కంటిపాపను చూసే మిషన్‌తో బియ్యం వచ్చాయి. ఆ మూడు తిరుగుళ్ళలో పోయిన కూలిడబ్బులు ఏ కంప్యూటర్‌లోనూ నమోదు కాలేదు.

ప్రభుత్వ సేవలు ఆన్‌లైన్ అయ్యాక మన బతుకుల్లో ఏం మారింది, ఏం మారలేదు అన్నది ఆ వుత్త సంచి పక్కన కూర్చుని ఆలోచించాల్సిన విషయం. నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. కాయితం రోజులు బంగారు రోజులని మనలో ఎవరూ అనలేరు. కులం సర్టిఫికెట్ కావాలంటే మా నాన్న కరణం గారి అరుగు కింద పొద్దంతా నిలబడేవాడట. ఆయన భోంచేసి, కునుకు తీసి, లేచి "ఏందిరా" అన్నప్పుడు గానీ నోరు తెరిచే వీల్లేదు. 2011 నవంబర్‌లో మొదలైన మీసేవలో ఆ అరుగు లేదు. పల్లెనుంచి వచ్చిన పిల్ల కౌంటర్ దగ్గర నిలబడి, రుసుం కట్టి, తేదీ వున్న రసీదు తీసుకుంటుంది. ఒకసారి మంజూరయిన సర్టిఫికెట్‌ని మళ్ళీ ప్రింటు తీసుకోవచ్చు. అడుక్కునే పని కొంత తగ్గింది. ఇది చిన్న విషయమని ఎవరన్నా అంటే వాళ్ళు అరుగు కింద నిలబడి ఎరగరన్నమాట.

అయితే ఆ కౌంటర్ వెనక ఏముందో చూడాలి. మీసేవ సెంటర్ నడిపేది చాలాచోట్ల ప్రైవేటు మనిషి. అతను మన దరఖాస్తుని కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. కొన్ని సేవలకు కౌంటర్ దగ్గరే అప్పటికప్పుడు కాయితం వస్తుంది. కులం, ఆదాయం లాంటివాటికి మాత్రం దరఖాస్తు రెవెన్యూ ఆఫీసుకు పోతుంది. అక్కడ ఎవరో విచారణ చెయ్యాలి, తహసీల్దార్ డిజిటల్ సంతకం పెట్టాలి. అంటే గుమ్మం ఆన్‌లైన్ అయింది గానీ నడిమింట్లో పాత మనుషులే వున్నారు. 'నువ్వు ఫలానా కులమే' అని తేల్చేది ఇప్పటికీ కంప్యూటర్ కాదు, వూళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి రాసుకునే ఉద్యోగి. ఈ తేడా తెలియక మనవాళ్ళు ఆపరేటర్‌తో తగాదా పడి ఇంటికొస్తుంటారు. కాయితం ఆగిన చోటు వేరే వుంటుంది.

కులం సర్టిఫికెట్ విషయం ఇంకొంచెం చెప్పాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకొచ్చింది. 59 కులాల్ని మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా పంచారు. దశాబ్దాల దండోరా పోరాటం ఫలితమది. ఇప్పుడు ఎస్సీ అంటే సరిపోదు, ఏ కులమో ఏ గ్రూపో కూడా సర్టిఫికెట్‌లో తేలాలి. బడి రిజిస్టర్‌లో వట్టి 'హరిజన' అనో, 'ఆది ఆంధ్ర' అనో రాసి వదిలేసిన తండ్రుల పిల్లలకు ఇది కొత్త చిక్కు. దుమ్ముగూడెం వైపు మిషనరీలు పాత కాలం నుంచీ వున్నారు. బడిలో మతం దగ్గర 'క్రైస్తవ' అని పడితే ఆ పిల్లవాడు ఎస్సీ కాడు, బీసీ-సి. అప్పుడు పంతులు ఏమీ ఆలోచించకుండా రాసిన ఒక్క మాట ఇప్పుడు డేటాబేసులో గట్టిపడి కూర్చుంటుంది. కాయితం మీద రాతకు కనీసం పక్కన దిద్దుబాటు రాసే ఖాళీ వుండేది.

పుల్లిగాడు, పుల్లయ్య

మా తాత పేరు పుల్లయ్య. రెవెన్యూ రికార్డులో 'మాదిగ పుల్లిగాడు' అని వుంది. పట్వారీ అట్లాగే రాశాడు. మన తాతల్లో ఎవరికి 'అయ్య' అని రాశారు గనక? ఎంకటి, మల్లిగాడు, నర్సిగాడు. రెవెన్యూ దస్త్రాలు తిరగేసిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పెద్దకులాల పట్టాదార్ల పేర్ల వెనక రావు, రెడ్డి నిటారుగా నిలబడి వుంటాయి. మనవాళ్ళ పేర్లు పిలుపు ఎట్లా వుంటే అట్లా నేలమీద పడి వుంటాయి.

ఆ అవమానాన్ని మా తాత మోశాడు. ఆయన మనవలు దాన్ని ఇంకో రూపంలో మోస్తున్నారు. మా వూరు మైదానం అయిపోయి అడివి మొదలయ్యే చోట, షెడ్యూల్డు ఏరియా గీతకు ఇవతల వుంటుంది. మా తాతకు ప్రభుత్వం లావుణి పట్టా కింద ఎకరం చిల్లర ఇచ్చింది. 2017 సెప్టెంబర్‌లో భూరికార్డుల ప్రక్షాళన మొదలయినప్పుడు పట్టాదారు పేరునీ ఆధార్‌నీ కలిపి చూశారు. పుల్లిగాడు వేరు, పుల్లయ్య వేరు. ఆయన అప్పటికే చనిపోయాడు, వారసుల పేర్లు ఎక్కలేదు. తగాదా లేని భూములు పార్ట్-ఏ, చిక్కులున్నవి పార్ట్-బి అన్నారు. మా ఎకరం పార్ట్-బిలో పడింది. ఆ భూమి మీద ఎవరికీ ఎవరితోనూ తగాదా లేదు. పట్వారీ కులపిచ్చికీ కంప్యూటర్ అక్షర పిచ్చికీ మధ్య వచ్చిన తగాదా అది. పాసుబుక్కు రాలేదు గనక 2018 మే 10న మొదలయిన రైతుబంధు కూడా రాలేదు.

ఇక్కడ కొంచెం చరిత్ర అవసరం. పట్వారీ, మాలీపటేల్, పోలీసుపటేల్ పదవుల్ని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. వంశపారంపర్యంగా అక్షరాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాళ్ళ నుంచి వూరి లెక్కలు బయటికి రావడం మంచి మలుపు. తర్వాత పేర్లు మారుతూ వీఆర్వో దాకా వచ్చింది. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థనూ తీసేశారు, అక్టోబర్ 29న ధరణి మొదలయింది. లంచాలు పోతాయన్నారు. కొన్నిచోట్ల రిజిస్ట్రేషన్ తొందరగా అయిన మాట నిజమే. కానీ 2020 చట్టం రెవెన్యూ కోర్టుల్ని కూడా ఎత్తేసింది. తప్పు పడితే కింద చెప్పుకునే చోటు పోయింది. సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఎకరం రైతు సివిల్ కోర్టుకెట్లా పోతాడు?

ధరణి రోజుల్లో పల్లెల్లో కొత్తగా వినిపించిన మాట 'మాడ్యూల్'. మన సమస్యకు తెర మీద మాడ్యూల్ వుంటేనే దరఖాస్తు. లేకపోతే మన సమస్యే లేదు. పాత రోజుల్లో తెల్లకాయితం మీద ఏదైనా రాసుకోవచ్చు. ఫలితం రాకపోవచ్చు గానీ దుఃఖం రాసుకోడానికి కాయితానికి అడ్డుగీతలు వుండేవి కావు. ఖానాల్లో పట్టని బతుకు లెక్కలోకి రాదు అన్నది ఈ కొత్త పాలనలో అసలు సూత్రం. కరణం ఖలంతో మనల్ని తక్కువగా రాశాడు. లాగిన్ వున్నవాళ్ళు మనల్ని రాయనే రాయకపోవచ్చు.

2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడే, ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మొదట నాలుగు మండలాల్లో ప్రయోగంగా చేపట్టారు, వాటిలో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. ఈ చట్టం అప్పీలు చేసుకునే దారి మళ్ళీ తెరిచింది. ఆ జూన్‌లో వూళ్ళల్లో రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు కాయితం మీదే తీసుకున్నారు. సెప్టెంబర్‌లో గ్రామ పాలనాధికారులు అనే పేరుతో గ్రామస్థాయి రెవెన్యూ సిబ్బందిని మళ్ళీ నియమించారు. వూళ్ళో మనిషి లేకుండా కంప్యూటర్‌తోనే భూమి లెక్క తేలదని ఒప్పుకోడానికి ఐదేళ్ళు పట్టింది.

అడివి గీత దాటితే

షెడ్యూల్డు ఏరియాలోకి పోతే చిక్కు ఇంకా ముదురుతుంది. భద్రాచలం, నూగూరు వెంకటాపురం ప్రాంతాలు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లావి. ఖమ్మం వైపు నిజాం రాజ్యపు పహాణీ నడిస్తే గోదావరి అవతల మద్రాసు తరహా అడంగల్ నడిచింది. ఆ రెండు లెక్కల్నీ తర్వాత ఒకే జిల్లాలో కలిపారు. ఈ నేల మీద 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని సవరించిన 1970 నాటి 1/70 అమల్లో వున్నాయి. గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా అనుకుంటుంది. బదలాయింపు ఏదైనా గిరిజనుడికే జరగాలి.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. 1/70 వద్దని నేను అనను. కోస్తా నుంచి, మైదానం నుంచి వచ్చిన భూస్వాములు కోయల భూముల్ని మింగుతుంటే వచ్చిన రక్షణ అది. దాన్ని తొలగించాలని గొంతు చించుకునేవాళ్ళు దళితుల పేరు వాడుకోవడం మనం చూస్తూనే వున్నాం. నేను ఎత్తుతున్న ప్రశ్న వేరే. చట్టం ముందు, ఇప్పుడు తెర ముందు, ఇద్దరే మనుషులు: గిరిజనుడు, గిరిజనేతరుడు. వందెకరాల ఆసామీ, ఆయన దగ్గర జీతమున్న మాదిగ పాలేరూ ఒకే ఖానాలో వుంటారు. ఏజెన్సీ వూళ్ళల్లో తరాలుగా డప్పు కొట్టి, చెప్పులు కుట్టి, కూలి చేసి బతికిన మాల మాదిగలకు భూమి అన్నది ఏ తెర మీదా లేదు.

అటవీ హక్కుల చట్టం (2006) ఒక దారి చూపించినట్టే చూపించింది. గిరిజనులైతే 2005 డిసెంబర్ 13 నాటికి భూమి సాగులో వుంటే చాలు. 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు' అయితే అంతకు ముందు మూడు తరాలు, తరానికి 25 ఏళ్ళ లెక్కన 75 ఏళ్ళు అక్కడే వున్నట్టు చూపించాలి. అంటే 1930 నాటి సాక్ష్యం. అప్పుడు భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో వుంది, ఇవతలి వొడ్డు నిజాం ఏలుబడిలో వుంది. వెలివాడలో వుండే కూలి పేరు ఏ దొర, ఏ భాషలో రాసుంచాడు? ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వది ఒక మేలు చేసింది. దరఖాస్తుదారు కాని వూరి పెద్దల మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. చాలామంది కార్యకర్తలు దీన్ని వాడుకోవడం లేదు.

తెలంగాణలో పోడు దరఖాస్తులు 2021 నవంబర్‌లో మళ్ళీ తీసుకున్నారు. సర్వే మొబైల్ యాప్‌తో చేశారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలుపెట్టి, దాదాపు లక్షన్నర మంది గిరిజన రైతులకు 4 లక్షల ఎకరాల పైచిలుకు ఇచ్చారు. ఇది కోయలు, లంబాడాలు దెబ్బలు తిని, జైళ్ళకు పోయి సాధించుకున్న హక్కు. సంతోషించాల్సిందే. గిరిజనేతర పేదల సంగతి ఆ పంపిణీలో తేలలేదు.

యాప్ గురించీ ఉపగ్రహ చిత్రం గురించీ ఒక మాట. 'శాటిలైట్‌లో చెట్లు కనిపిస్తున్నాయి, నీ పోడు లేదు' అంటే మనవాళ్ళు నోరు మూసుకుంటారు. ఆకాశం నుంచి చూసినదానికి ఎదురు చెప్పేదెవరు! కానీ 2012 సెప్టెంబర్‌లో సవరించిన నిబంధనల్లో స్పష్టంగా వుంది: ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడుగా వుండొచ్చు గానీ వాటి స్థానంలో పనికిరావు. పోడు చేలో ఇప్పచెట్టు, తునికిచెట్టు నరకకుండా వుంచుతారు. పైనుంచి చూస్తే అది అడివే. కిందికి దిగి చూసేది గ్రామసభ. చట్టం కూడా గ్రామసభకే మొదటి మాట ఇచ్చింది.

గీతలు గీసినప్పుడల్లా మనుషులు ముక్కలవుతారు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలి, దాన్ని ఆనుకొని వున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు అవతలి రాష్ట్రంలో పడ్డాయి. సంత భద్రాచలంలోనే, ఆసుపత్రీ అక్కడే. భద్రాచలం నుంచి చర్ల పోయే బస్సు మధ్యలో వేరే రాష్ట్రంలోంచి పోతుంది. వీధి అవతలున్న మీసేవలో వీళ్ళ పేరు కొడితే రాదు. వీళ్ళ కాయితాలు 2019 అక్టోబర్ 2న వచ్చిన గ్రామ సచివాలయంలో వుంటాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు వీళ్ళ జిల్లా కేంద్రం కనుమలకవతలి పాడేరు అయింది. ఆంధ్ర సర్టిఫికెట్‌తో తెలంగాణ కాలేజీలో చేరిన ఎస్సీ పిల్లకు స్కాలర్‌షిప్ దగ్గర, రిజర్వేషన్ దగ్గర రాష్ట్రమనే ఖానా అడ్డమొస్తుంది. ఆ పంచాయితీల్ని మళ్ళీ తెలంగాణలో కలపాలన్న డిమాండ్ అందుకే ఆగలేదు. ఇక 2005 తర్వాత సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ వదిలి వచ్చిన గొత్తికోయలకు ఏ రాష్ట్రమూ లేదు. సరిహద్దు అవతల వాళ్ళు ఎస్టీలు, ఇవతల ఎస్టీ సర్టిఫికెట్ రాదు. ఆధార్ సంపాదించినా అది కులం చెప్పదు.

రెండో దారి వుందా లేదా

మరి ఏం చెయ్యాలి, మిషన్లు పగలగొట్టాలా? ఇదే రాష్ట్రం నుంచి ఒక అనుభవం చెప్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్ కార్డుతో, వేలిముద్రతో ఇచ్చారు. దాని మీద మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం చేసి 2016లో అచ్చు వేశారు. డబ్బులు తొందరగా అందాయి, మధ్యలో మింగేది తగ్గింది అని తేలింది. అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేసిన తీరుని చూశారు. అక్కడ దొంగతనం తగ్గినట్టు కనిపించలేదు, తిరుగుడు ఖర్చు పెరిగింది, ఆధార్ జోడించని కొందరు పేదలకు గింజలు పోయాయి. వేలిముద్ర మిషన్ రెండుచోట్లా మిషనే. ఆంధ్రలో కార్డు లేనివాళ్ళకు పాత పద్ధతిలోనూ డబ్బులు ఇచ్చారు. జార్ఖండ్‌లో తలుపు ఒక్కటే, మిషన్ కాదంటే అంతే. రెండో దారి వున్నచోట యంత్రం పేదవాడికి పనిముట్టయింది, లేనిచోట కాపలాకుక్క అయింది.

రెండో దారి చట్టంలో లేకపోలేదు. ఆధార్ చట్టం (2016) ఏడో సెక్షన్, నంబరు రానివాళ్ళకు వేరే గుర్తింపు మీద సేవ ఇవ్వాలంటుంది. 2017 అక్టోబర్‌లో కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసిన ఉత్తరం, ఆధార్ లేదనో వేలిముద్ర పడలేదనో రేషన్ ఆపొద్దని చెప్పింది. మా అమ్మ ఉత్త సంచితో వచ్చిన మూడుసార్లూ ఈ ఉత్తరం అమల్లోనే వుంది. ఆ సంగతి ఆమెకూ తెలియదు, షాపాయనకూ తెలియదు. చదువుకున్నవాణ్ణి, నాకూ తర్వాతే తెలిసింది.

అందుకే వాడల్లో పనిచేసే మిత్రులకు కొన్ని సంగతులు చెప్పదలుచుకున్నాను. 'సర్వర్ లేదు', 'వేలు పడలేదు' అన్న మాట గాలిలో పోనివ్వొద్దు. తేదీ, టైము, ఎవరన్నారు అనేది ఒక నోటుబుక్కులో రాయాలి. వూరికొక నోటుబుక్కు చాలు, ఒక ఇంటర్ పిల్ల చాలు. నాలుగు నెలల నోటుబుక్కు వుంటే అది దరఖాస్తు కాదు, సాక్ష్యం. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతలో అడగాలి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద, ఏ ఉద్యోగి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో తేదీలతో అడగాలి. ఆన్‌లైన్ పద్ధతిలో మనకున్న ఒకే ఒక లాభం, ఫైలు ఎవరి లాగిన్‌లో పడుకుందో దాని జాడ మిగలడం. పాత దస్త్రం మాయమైతే జాడే వుండేది కాదు. ఈ జాడని వాళ్ళకంటే మనమే ఎక్కువగా వాడుకోవాలి.

సేవలు ఇప్పుడు వాట్సాప్‌లోకి కూడా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో మొదలుపెట్టింది, ఆ ఏడాదే తెలంగాణ మీసేవని కూడా తెచ్చింది. బాగానే వుంది. కానీ ఇంట్లో ఒక్క ఫోనుంటే అది ఎవరి జేబులో వుంటుంది? పనికి పోయిన కొడుకు జేబులో, ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో. ఓటీపీ అక్కడికి పోతుంది, ఆమె ఇక్కడ వుంటుంది. అడివి లోపలి గుంపుల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కడం ఇంకా పోలేదు.

మా తాత ఎకరం సంగతి అడుగుతారేమో. 2025 జూన్‌లో మా వూరి రెవెన్యూ సదస్సులో అమ్మ చేత దరఖాస్తు పెట్టించాను. పేరు ఖానాలో 'మాదిగ పుల్లిగాడు ఉరఫ్ పుల్లయ్య' అని నేనే రాశాను. చెయ్యి ఆడలేదు, అయినా రికార్డుతో కలవాలంటే అట్లాగే రాయాలి. కింద అమ్మ నిశానీ వేసింది. కాయితం మీద సిరాతో వేసిన నిశానీ గనక ఏ మిషనూ అడ్డు చెప్పలేదు. రసీదు ట్రంకుపెట్టెలో వుంది. విచారణకు వస్తే చూపించడానికి శిస్తు కట్టిన పాత చీటీలు రెండు, తాతని ఎరిగిన ఇద్దరు ముసలాళ్ళు వున్నారు. వాళ్ళలో ఒకాయనకు ఎనభై దాటాయి. ఆయన మాటని ఈలోపే రాతలో పెట్టించాలని తిరుగుతున్నాను.